కేకల బండి పుట్టుపూర్వోత్తరాలు

ఏ ఊరి తిరునాళ్ళకి వెళ్ళినా, ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినా రంగులరాట్నం పక్కన ఒక మనిషి తప్పకుండా కనిపిస్తుంది. భుజానికి మూడు బ్యాగులు, చేతిలో నీళ్ళ సీసా, కాళ్ళ దగ్గర పిల్లల చెప్పులు. "మీరెక్కండి, నేనిక్కడే ఉంటాలే" అంటుంది. తలెత్తి పైకి చూస్తూ, పిల్లలు కిందికి వచ్చినప్పుడల్లా చెయ్యూపుతూ, మళ్ళీ పైకి పోగానే ఇష్టదైవాన్ని తలుచుకుంటూ నిలబడుతుంది. ఆవిణ్ణి మీరు చూసే ఉంటారు. అసలు ఆవిడ మీరే అయివున్నా నేను ఆశ్చర్యపోను. నా మట్టుకు నేను పాతికేళ్ళుగా ఆ ఉద్యోగం చేస్తున్నాను.

ఆ ఉద్యోగం మీదే 2019 వేసవిలో అమెరికా కూడా వెళ్ళాను. న్యూజెర్సీలో మా అక్క ఉంటోంది. దాని కూతురికి పంతొమ్మిదేళ్ళు. "పిన్నీ, నీకు కోనీ ఐలండ్ చూపిస్తా" అని ఒక ఆదివారం మమ్మల్నిద్దర్నీ రైలెక్కించింది. న్యూయార్కు నగరానికి దక్షిణపు కొసన, సముద్రపు ఒడ్డున ఉందది. ఇసుక, జనం, మొక్కజొన్న పొత్తుల వాసన. అచ్చం మన తిరునాళ్ళే! వాటి మధ్య తెల్లరంగు వేసిన పెద్ద పంజరంలాంటి కట్టడం ఒకటి. లోపల పట్టాలు ఎగుడుదిగుడుగా, పడగలు విప్పిన పాముల్లా ఉన్నాయి. వాటి మీద చిన్న రైలొకటి మెల్లగా పైకి పాకి, ఒక్కసారిగా కిందికి దూకుతోంది. అందులోంచి వచ్చే కేకలు వీధి చివరికి వినబడుతున్నాయి. రోలర్ కోస్టర్ అంటే అదే. దాని పేరు సైక్లోన్. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన మాకు తుపాను పేరు పెట్టిన బండి ఎక్కడానికి మనసొప్పుతుందా?

మా అక్క కూతురి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఇప్పటివరకు తను ఎక్కిన రోలర్ కోస్టర్లన్నీ అందులో రాసుకుంది. ఒక్కోదానికీ మార్కులు, పక్కన అభిప్రాయం. "మొదటి లోయ అద్భుతం, తర్వాత నీరసం." "వెనక సీటులో కూచుంటేనే మజా." "పగలు ఎక్కితే దండగ, చీకటి పడ్డాక ఎక్కాలి." సంగీత కచేరీల మీద మా నాన్నగారు రాసుకున్న డైరీ గుర్తొచ్చింది నాకు. ఇలాంటి వాళ్ళు అక్కడ వేలమంది ఉన్నారట. వాళ్ళకో సంఘం కూడా ఉందట. కొత్త బండి వచ్చిందంటే చాలు, వందల మైళ్ళు కారులో వెళ్ళి, ఎక్కి, దిగి, తీర్పు చెప్పి వస్తారట.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందా అని అప్పటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. తవ్వేకొద్దీ వింతలే.

మొట్టమొదట ఇది మంచుదేశపు సరదా. రష్యాలో పదిహేడో శతాబ్దం నాటికే శీతాకాలంలో పెద్ద పెద్ద కొయ్య మంచెలు కట్టి, వాటి మీద నీళ్ళు పోసి గడ్డకట్టించి, ఆ నున్నటి వాలు మీద జారేవారు. వెనకవైపు మెట్లుండేవి. మెట్లెక్కి పైకి పోవడం, చెక్కబండి మీదో మంచుగడ్డ మీదో కూచుని రివ్వుమని జారడం. పండుగ రోజుల్లో మామూలు జనమంతా చేసే పనే. అయితే ఆ సరదాకి రాచరికపు వైభవం తెచ్చింది మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు! పద్దెనిమిదో శతాబ్దంలో ఎలిజబెత్ మహారాణి తన వేసవి నగరంలో ఒక జారుడుకొండ కట్టించుకుంది. ఆ తర్వాత కేథరిన్ మహారాణి సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర ఒరానియన్‌బామ్‌లో ఇంకో పెద్దది కట్టించింది. వేసవిలో మంచుండదు కదా, అందుకని గాళ్ళు తీసిన కొయ్య దారి మీద చక్రాల బండి. 1762లో మొదలైన ఆ పని పుష్కరం పాటు సాగింది. రినాల్డి అనే ఇటలీ వాస్తుశిల్పి కట్టిన ఆ నీలిరంగు మేడ ఈనాటికీ ఉంది. జారుడుదారి మాత్రం పంతొమ్మిదో శతాబ్దం మధ్యలోనే తీసేశారు. సామ్రాజ్యాన్నేలే మహారాణికి కూడా కాసేపు పట్టు తప్పి కిందికి జారాలని అనిపించిందంటే, ఆ కోరిక మనిషిలో ఎంత లోతుగా ఉన్నట్టు?

రష్యానుంచి ఈ సరదా ఫ్రాన్సుకి పోయింది. 1817లో పారిస్‌లో రెండు జారుడుకొండలు వెలిశాయి. బండి పట్టా తప్పి పోకుండా చక్రాల ఇరుసుల్ని దారి అంచుల్లోకి బిగించే ఉపాయం అక్కడే కనిపెట్టారు. దానికి వాళ్ళు 'రష్యా కొండలు' అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఫ్రెంచివాళ్ళు రోలర్ కోస్టర్‌ని అలాగే అంటారు. ఇక రష్యావాళ్ళేమంటారో తెలుసా? 'అమెరికా కొండలు' అంటారు! అల్లరి పిల్లవాడు మావాడు కాదంటే మావాడు కాదని ఇరుగుపొరుగులు అనుకున్నట్టు లేదూ?

అమెరికాకి ఇది వేరే దారిన వచ్చింది. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే ఊరు. కొండమీద బొగ్గు గనులు. 1827లో కొండ మీదినుంచి కిందికి తొమ్మిది మైళ్ళ పట్టాలు వేసి, బొగ్గు బళ్ళని వాలు మీద వాటంతట అవే దిగిపోయేలా వదిలారు. ఖాళీ బళ్ళని పైకి లాగేవి కంచరగాడిదలు. పైకి లాగాక అవి కిందికి నడిచి రావాలి కదా? వాటినీ ఒక బండిలో ఎక్కించి బొగ్గుతోపాటే దింపేవారు. ఆ సుఖం మరిగిన కంచరగాడిదలు ఆ తర్వాత కిందికి నడవమంటే ససేమిరా అన్నాయట. చూశారా, అమెరికాలో ఈ బండి మీద తమ అభిప్రాయాన్ని మొట్టమొదట గట్టిగా చెప్పింది కంచరగాడిదలు. కొన్నాళ్ళకి మనుషులూ డబ్బిచ్చి దిగడం మొదలుపెట్టారు. బొగ్గు రవాణాకి వేరే దారులు వచ్చాక ఆ పట్టాలు పూర్తిగా విహారయాత్రకే మిగిలాయి. 1930ల దాకా అలా నడిచాయి.

ఇక ఇప్పుడు మన కథానాయకుడు వస్తాడు. ఆయన పేరు లామార్కస్ థాంప్సన్. ఈయన మొదట్లో చేసిన వ్యాపారమేమిటంటే ఆడవాళ్ళ మేజోళ్ళు! కుట్టు లేకుండా మేజోళ్ళు అల్లే యంత్రంతో బాగా గడించాడు. దైవభక్తి కలవాడు. సముద్రపు ఒడ్డున సారాదుకాణాల్లోనూ అంతకన్నా అధ్వాన్నపు చోట్లలోనూ పొద్దుపుచ్చే కుర్రకారుకి ఒక మంచి కాలక్షేపం చూపించాలని ఆయన తాపత్రయపడ్డాడని చెబుతారు. 1884 జూన్‌లో అదే కోనీ ఐలండ్‌లో ఆయన బండి మొదలైంది. టిక్కెట్టు ఐదు సెంట్లు. వేగం గంటకి ఆరు మైళ్ళు. మన జట్కాబండి కాస్త తొందరపడితే దాన్ని దాటిపోయేది! పైగా బెంచీ మీద పక్కకి తిరిగి కూచుని సముద్రం చూసుకుంటూ పోవడం. ఒక కొసకి చేరాక అందరూ దిగాలి, పనివాళ్ళు బండిని పైకి తోయాలి, మళ్ళీ ఎక్కాలి. అయినా జనం విరగబడ్డారు.

విరగబడ్డ జనం ఊరుకుంటారా? వేగం చాలదన్నారు, దిగి ఎక్కడం విసుగన్నారు. అదే ఏడాది ఇంకొకాయన చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే పట్టాలు వేశాడు. ఆ మరుసటేడు వేరొకాయన గొలుసుతో బండిని పైకి లాగే ఏర్పాటు చేశాడు, సీట్లనీ ముందుకి తిప్పాడు. ఏడాది తిరక్కుండానే థాంప్సన్ గారి బండి పాతబడిపోయింది.

ఇక్కడ మరో మాట చెప్పాలి. ఆ రోజుల్లో పరువైన ఇంటి ఆడపిల్ల పరాయి మగవాడి పక్కన భుజం తగిలేలా కూచోవడమే తప్పు. నలుగురిలో గొంతెత్తితే ఇంకా తప్పు. న్యూయార్కులో కుట్టుమిషన్ల ముందు, దుకాణాల్లో వారమంతా నిలబడి పనిచేసే అమ్మాయిలు ఆదివారం కోనీ ఐలండ్‌కి వచ్చేవారు. ఈ బండిలో కూచుంటే పక్కవాడి చెయ్యి పట్టుకోవచ్చు, గొంతు చించుకుని అరవొచ్చు. అడిగేవాళ్ళు లేరు. దిగగానే జుట్టు సవరించుకుని మళ్ళీ మర్యాదస్తురాలు కావొచ్చు. ఐదు సెంట్లకి అంత స్వేచ్ఛ ఇంకెక్కడ దొరుకుతుంది?

అయితే కట్టేవాళ్ళు ఒక పొరపాటు చేశారు. జనానికి కావలసింది భయమే కాబట్టి, ఎంత భయపెడితే అంత వస్తారనుకున్నారు. 1895లో కోనీ ఐలండ్‌లోనే మనిషిని తలకిందులు చేసే బండి కట్టారు. పేరు ఫ్లిప్ ఫ్లాప్. గుండ్రంగా, గాజు ఆకారంలో నిలబెట్టిన పట్టాల మీద రివ్వున తిరగడం. గుండ్రటి వలయంలోకి వేగంగా దూరినప్పుడు అడుగు భాగాన బరువంతా ఒక్కసారిగా మెడమీద పడుతుంది. ఎక్కినవాళ్ళు మెడలు పట్టుకుని దిగారు. చూసేవాళ్ళు మాత్రం గుంపులు గుంపులు. అంటే బ్యాగులు పట్టుకునేవాళ్ళే ఎక్కువన్నమాట! అది ఎక్కువకాలం నిలవలేదు. 1901లో వలయాన్ని కాస్త కోలగా చేసి ఇంకొకటి కట్టారు. మెడలు బాగానే ఉన్నాయిగానీ ఒక్కో బండిలో నలుగురే. అదీ మూతబడింది. ఆ తలకిందుల సరదా మళ్ళీ పైకి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1976లో కాలిఫోర్నియాలో కట్టిన రివల్యూషన్ అనే బండికి వెర్నర్ స్టెంగెల్ అనే జర్మనీ ఇంజనీరు గుండ్రటి వలయం బదులు కన్నీటిబొట్టు ఆకారం గీసిచ్చాడు. కింద వెడల్పుగా, పైన సన్నగా. బరువు నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. మెడ బతికిపోయింది.

కేకలన్నిటి వెనకా ఇలాంటి పెద్దమనుషులున్నారు. జాన్ మిల్లర్ అనే ఆయన సంగతే చూడండి. బండి పైకి పాకేటప్పుడు టక్ టక్ టక్‌మని చప్పుడవుతుంది. ఎక్కినవాళ్ళ గుండెలు జారిపోయేది ఆ చప్పుడుకే. నిజానికి అది గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పంటి మీద పడే కొక్కెం చప్పుడు. మిల్లర్‌గారి పుణ్యమే. మనం భయపడేది మనల్ని కాపాడేదాన్ని చూసే! 1919లో ఆయనే పట్టాకింద ఇంకో చక్రం పెట్టే ఉపాయానికి హక్కు సంపాదించాడు. దాంతో బండి పట్టా వదిలి పైకి ఎగరడమన్నది లేకుండా పోయింది. ఇక లోయలు ఎంత లోతైనా తవ్వుకోవచ్చు. 1920లలో అమెరికా అంతటా రోలర్ కోస్టర్లే. మేం చూసిన సైక్లోన్ 1927 జూన్ 26న మొదలైంది. ఎత్తు 85 అడుగులు, వేగం గంటకి 60 మైళ్ళు, టిక్కెట్టు పాతిక సెంట్లు.

ఆ రోజుల్లోనే కెనడాలో క్రిస్టల్ బీచ్ అనే చోట ఇంకో సైక్లోన్ పుట్టింది. మలుపుమలుపుకీ మెలితిప్పే బండి. దిగేచోట ఒక నర్సుని కూచోబెట్టారంటే దాని పొగరెంతో ఊహించుకోండి. మళ్ళీ అదే కథ. చూడ్డానికి జనం పోటెత్తారు, ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. 1946లో మూసేశారు. కానీ దాని ఇనుము పారెయ్యలేదు. అందులో కొంత వాడి 1948లో కామెట్ అనే బండి కట్టారు. ఆ ఇనుమే, ఆ ఊరే, కానీ ఇది మెలితిప్పదు, గాలిలో తేలుస్తుంది. జనం దాన్ని ఎంత ప్రేమించారంటే 1989లో ఆ పార్కు మూతబడితే, దాన్ని విప్పి న్యూయార్కు రాష్ట్రంలోని మరో పార్కుకి తీసుకుపోయి 1994లో మళ్ళీ నిలబెట్టారు.

"అసలు మీకేం కావాలే?" అని మా అక్క కూతుర్ని అడిగాను. "తేలడం పిన్నీ" అంది. బండి గుట్ట దాటి కిందికి దిగేముందు ఒక్క క్షణం ఒళ్ళు సీటుని వదిలి తేలుతుందట. ఆ క్షణం కోసమే ఇదంతా. ముందు సీటువాళ్ళకి లోయ కనిపిస్తుంది, వెనక సీటువాళ్ళని ముందు పెట్టెలు లాగేస్తాయి కాబట్టి తేలడం ఎక్కువ. కొయ్యపట్టాలా, ఇనుప పట్టాలా అన్నది వాళ్ళలో పెద్ద తగవు. 1959లో డిస్నీలాండ్‌లో గొట్టపు ఇనుప పట్టాలు వచ్చాయి. ప్రయాణం వెన్నపూసలా ఉంటుందని కొందరు, కుదుపే లేకపోతే ఇక ప్రాణమేముందని కొందరు. మన కాఫీ ఫిల్టరువాళ్ళూ ఇన్‌స్టంట్‌వాళ్ళూ లేరూ?

ఈ తగవులాటగాళ్ళందరూ కలిసి 1978లో సంఘం పెట్టుకున్నారు. అంతకుముందు దశాబ్దాల్లో ఆర్థిక మాంద్యం, ఆ వెంటనే యుద్ధం, తర్వాత టెలివిజను. వందలకొద్దీ కొయ్య బళ్ళు కూలిపోయాయి. కోనీ ఐలండ్ సైక్లోన్‌ని కూడా పడగొట్టి ఆ స్థలం పక్కనున్న చేపల ప్రదర్శనశాలకి ఇవ్వాలని 1970లలో ఒక ఆలోచన వచ్చింది. ఎక్కినవాళ్ళు అడ్డుపడ్డారు. బండి బతికింది. 1988లో దాన్ని నగరపు చారిత్రక కట్టడంగా ప్రకటించారు. పెన్సిల్వేనియాలో 1902 నాటి లీప్ ది డిప్స్ అనే ముసలి బండి 1985లో ఆగిపోతే, జనం చందాలు పోగుచేసి 1999లో మళ్ళీ నడిపించారు. మిగిలివున్న రోలర్ కోస్టర్లలో అదే అందరికన్నా పెద్దది, అంటే వయసులో. దాని అతి పెద్ద లోయ తొమ్మిది అడుగులు! మా ఇంటి అటకంత. అయినా దాన్ని కాపాడుకున్నారు.

కొత్తవాటి విషయంలోనూ వాళ్ళ మాటే చెల్లింది. ఓహయోలో 1979లో వచ్చిన బీస్ట్ అనే కొయ్యబండి అడవిలో ఏడువేల అడుగులకి పైబడిన పట్టాల మీద పరుగెడుతుంది. బ్రేకులు ఎక్కువ వేస్తారని సణుగుతూనే, రాత్రిపూట దాన్ని మించింది లేదంటారు. దాని పేరు చెప్పుకుని 2000లో 'సన్ ఆఫ్ బీస్ట్' కట్టారు. 218 అడుగుల ఎత్తు, కొయ్యబండిలో తలకిందుల వలయం. కాగితం మీద ప్రపంచ రికార్డులు. ఎక్కినవాళ్ళు ఒళ్ళు హూనమైందన్నారు. 2006లో ప్రమాదం జరిగింది, వలయం తీసేశారు, 2009లో ఆగిపోయింది, 2012లో పడగొట్టారు. తండ్రి నడుస్తూనే ఉన్నాడు, కొడుకు పోయాడు. అదే రాష్ట్రంలో సీడర్ పాయింట్ అనే చోట 1991లో కట్టిన మీన్ స్ట్రీక్‌ని కూడా ఎముకలు కదిలించే బండని ఆడిపోసుకున్నారు. 2016లో దాన్ని ఆపి, ఆ కొయ్య చట్రం మీదే కొత్త ఇనుప పట్టాలు వేసి, 2018లో స్టీల్ వెంజెన్స్ పేరుతో తెరిచారు. తిట్టినవాళ్ళే మైళ్ళ దూరాలనుంచి వచ్చి నెత్తిన పెట్టుకున్నారు. మా పిల్ల నోటుపుస్తకంలో దానికి పదికి పది. పక్కన ఒక్కటే మాట: "మళ్ళీ."

ఇదంతా చదివాక నాకొకటి తోచింది. రెండు శతాబ్దాలుగా ఈ బళ్ళ తలరాత రాసింది కట్టినవాళ్ళు కాదు, కింద నిలబడి నోరు తెరుచుకు చూసినవాళ్ళూ కాదు. ఎక్కి, దిగి, మెడ తడుముకుని బాగుందనో బాగాలేదనో చెప్పినవాళ్ళు. కింద నిలబడ్డవాళ్ళకి భయం ఉంటుందిగానీ అభిప్రాయం ఉండదు.

ఈ జ్ఞానం నాకు తర్వాత వచ్చింది. ఆ ఆదివారం నాడు మాత్రం నేను బ్యాగులు పట్టుకునే ఉన్నాను. మా బావగారు పోయి అప్పటికి రెండేళ్ళు. అక్క అంతకుముందే పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రెండేళ్ళలో మరీ తగ్గిపోయింది. "నాన్నా, నువ్వొద్దు" అని కూతురు అంటున్నా వినకుండా, కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టి ఎక్కేసింది. టక్ టక్‌మని బండి పైకి పాకింది. తర్వాత అక్క కేక విన్నాను. మా అమ్మ పోయిన రోజున కూడా గొంతెత్తి ఏడవని మనిషి! రెండు నిముషాలైనా పట్టలేదు. జుట్టంతా రేగిపోయి, కళ్ళనీళ్ళు కారుతూ, నవ్వుతూ దిగింది. ఏడుపో నవ్వో నేనడగలేదు.

"ఎలా ఉందే?" అన్నాను.

"ఎక్కితే తెలుస్తుంది. ఇలా తే" అని నా భుజం మీది బ్యాగులు మూడూ లాక్కుంది. "ఇవి నేను పట్టుకుంటా. నువ్వు వెళ్ళు."

అక్క మాట ఎప్పుడు జవదాటాను గనక? మా పిల్ల పక్కన, వెనక సీటులో కూచున్నాను. పైకి పోతున్నంతసేపూ సముద్రం కనిపిస్తోంది, కింద అక్క చిన్నదైపోతోంది. ఆ తర్వాత సముద్రం లేదు, అక్క లేదు. ఎవరో "ఓరి నాయనోయ్, అమ్మోయ్" అని అచ్చ తెలుగులో కేకలు పెడుతున్నారు. ఈ దేశంకాని దేశంలో, ఈ బండిలో మనవాళ్ళెవరబ్బా అనుకున్నాను. రెండో లోయలో గాని తెలియలేదు అది నేనేనని.

దిగాక మా పిల్ల నోటుపుస్తకం నాకిచ్చి, "నీ అభిప్రాయం రాయి పిన్నీ" అంది. చేతులింకా వణుకుతున్నాయి. ఇన్ని నవలలు రాసినదాన్ని, ఒక్క వాక్యం దొరకలేదు. చివరికి అక్షరాలు వంకరటింకరగా పోతుంటే, "ఇంకా ముందే ఎక్కవలసింది" అని రాసిచ్చాను.